లినక్స్ ఉచితమే.. గడువు దాటిన రక్షణకే చందా

డబ్బు కట్టనవసరం లేదని లినక్స్‌ను ఎంచుకున్నవారు, తెరపై 'ఉబుంటు ప్రో' చందా ప్రస్తావన చూసి కంగారు పడటం సహజం. ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కాస్తా అమ్మకపు సరుకైందా అన్నది వారి సందేహం. వాస్తవం వేరు. ఉబుంటుకు నేటికీ వెల లేదు. రుసుము అడుగుతున్నది పాతబడిన వెర్షన్‌కు మరమ్మతులు చేసే శ్రమకు.

ఉబుంటులో రెండేళ్లకోసారి వెలువడే దీర్ఘకాలిక వెర్షన్‌కు ఐదేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు ఉచితంగా అందుతాయి. విడుదల తేదీ దాని అంకెలోనే ఉంటుంది. 20.04 అంటే 2020 ఏప్రిల్. దాని ఉచిత గడువు 2025 మే నెలతో ముగిసింది. అంతమాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. చిక్కంతా అక్కడే ఉంది. పైకి అన్నీ సవ్యంగానే నడుస్తాయి, కొత్తగా బయటపడే లోపాలు మాత్రం పూడవు.

ఒక్క లోపం చాలు

2022 జనవరిలో 'పోల్‌కిట్' అనే భాగంలో ఒక లోపం వెల్లడైంది. సాధారణ ఖాతాతో ప్రవేశించిన వ్యక్తి యంత్రంపై సర్వాధికారాలూ చేజిక్కించుకునేందుకు వీలు కల్పించిన ఈ లోపం 2009 నుంచీ అందులో దాగి ఉన్నదే. 18.04, 20.04 వాడేవారికి సవరణ ఉచితంగా అందింది. 2021 ఏప్రిల్‌లో గడువు తీరిన 16.04కు సైతం సవరణ తయారైంది. అయితే అది పొడిగింపు పథకంలో చేరినవారికే దక్కింది.

ఈ సవరణలు తేలికగా పుట్టవు. కొత్త సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి పాతదానిలో పెడితే, దానిపై ఆధారపడిన ప్రోగ్రాములు మొరాయించవచ్చు. కనుక మరమ్మతును మాత్రమే విడదీసి, పాత వెర్షన్‌కు సరిపడేలా తిరగరాసి పరీక్షించాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఈ పని కష్టమవుతుంది.

ఐదు యంత్రాల వరకు ఉచితం

ఉబుంటును రూపొందించే కెనానికల్ సంస్థ చందాదారులకు ఈ సేవను పదేళ్ల వరకు అందిస్తోంది. వ్యక్తిగత వినియోగానికైతే ఐదు యంత్రాల వరకు రుసుము లేదు. ఖాతా తెరిచి నమోదు చేసుకుంటే చాలు. ఇది తెలియక వదులుకోవడం వృథా నష్టం. సంస్థలు మాత్రం ఏటా చెల్లించాలి.

ఇతర లినక్స్‌లలోనూ ఇదే పద్ధతి. రెడ్‌హ్యాట్ 7కు 2024 జూన్ 30తో సాధారణ గడువు ముగిసింది. అటుపై అప్‌డేట్లు కావాలంటే అదనపు చందా తప్పదు. డెబియన్‌కు ఐదేళ్లు ఉచితం. ఆ తరువాత ఫ్రెక్సియన్ అనే సంస్థ రుసుముపై సేవలందిస్తోంది.

చందా భారమనుకునే కళాశాలలు, కార్యాలయాలకు కొత్త వెర్షన్‌కు మారే మార్గం ఎలాగూ ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. 20.04 నుంచి అప్‌గ్రేడ్ చేస్తే ముందు 22.04కు, ఆపైనే 24.04కు చేరాలి. 22.04 ఉచిత గడువు 2027 వరకే కాబట్టి అక్కడ ఆగకపోవడమే మేలు. పని మొదలుపెట్టే ముందు ఫైళ్లన్నీ వేరొక డిస్కులో భద్రపరచుకోవాలి. నిత్యం వాడే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో పనిచేయదని పరీక్షించి తేల్చుకున్నాకే చందా లెక్క వేసుకోవచ్చు.