కొత్త ఇంట్లో సిమెంటు గచ్చు ఎందుకు పగులుతుంది? మేస్త్రితో మాట్లాడే ముందే తెలుసుకోండి

ప్రభుత్వ సాయంతో ఇల్లు కట్టుకునే కుటుంబాలకు డబ్బు కటకటలాడేది ఎక్కువగా గచ్చు దగ్గరికి వచ్చేసరికే. పునాది, గోడలు, స్లాబు పూర్తయ్యాక చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. ఉన్న నాలుగు బస్తాల సిమెంటుతో, గోడల పనిలో మిగిలిన ఇసుకతో ఒక్క రోజులో గచ్చు కానిచ్చేస్తారు. కొన్నాళ్లకు ఊడ్చిన ప్రతిసారీ పొడి లేస్తుంది, మూలల్లో నెర్రెలు కనిపిస్తాయి, మంచం కోళ్ల కింద పెచ్చులు ఊడతాయి.

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద రూ.5 లక్షల సాయాన్ని నాలుగు దశల్లో ఇస్తున్నారు. పీఎంఏవై గ్రామీణ్ కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి అందేది రూ.1.20 లక్షలు. ఏ పథకమైనా అధికారులు దశల వారీగా వచ్చి ఫొటో తీసి యాప్‌లో నమోదు చేస్తారు. గచ్చు ఎంత మందం వేశారో, ఎన్ని రోజులు తడిపారో ఆ ఫొటోలో కనిపించదు. అది చూసుకోవాల్సింది మీరే.

గచ్చు కింద ఏముంది?

గచ్చు కుంగడానికి కారణం చాలాసార్లు పైన ఉండదు, కింద ఉంటుంది. బేస్‌మెంట్ పూర్తయితేనే తొలి విడత సొమ్ము వస్తుంది కాబట్టి మొరం లేదా గ్రావెల్‌ను ట్రాక్టర్లతో ఒకేసారి నింపేసి, పైపైన చదును చేసే తొందర ఉంటుంది. అలా నింపిన మట్టి తర్వాతి వానలకు దిగుతుంది. దాంతోపాటే గచ్చూ దిగుతుంది.

మట్టిని ఆరంగుళాల పొరలుగా పోయించండి. ప్రతి పొరనూ నీళ్లతో తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాలి. నల్లరేగడి మట్టి నింపొద్దు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మట్టి గట్టిపడ్డాక దాని మీద మూడు, నాలుగు అంగుళాల కంకర కాంక్రీటు వేస్తారు. మేస్త్రులు దీన్ని పీసీసీ లేదా బెడ్ అంటారు. గచ్చు మాలు వేయాల్సింది ఈ బెడ్ మీదే.

ఏ ఇసుక వాడాలి?

గోడల ప్లాస్టరింగ్‌కు జల్లించిన సన్న ఇసుక గచ్చుకు పనికిరాదు. కాస్త గరుకుగా ఉండే దొడ్డు ఇసుక కావాలి. ఇసుక ఎంత సన్నగా ఉంటే మాలు అంత ఎక్కువ నీరు అడుగుతుంది, ఆరేటప్పుడు అంత ఎక్కువ పగులుతుంది.

ఇసుకలో మట్టి ఎంతుందో ఇంట్లోనే చూడొచ్చు. గాజు సీసాలో సగం వరకు ఇసుక వేసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు పోసి బాగా కుదిపి, రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక అడుగుకు చేరి, దాని మీద ఒండ్రు పొర తేలుతుంది. ఆ పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే ఇసుకను కడిగి వాడాలి, లేదా వేరే లోడు తెప్పించుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం అమల్లో ఉంది. అయితే ఎత్తుడు, రవాణా ఖర్చులు మీవే. ఇసుక ఉచితమే కదా అని ఏది దింపితే అది తీసుకోవద్దు. నది ఇసుక దొరకకపోతే కడిగిన ఎం-శాండ్ వాడొచ్చు. క్రషర్ల దగ్గర దొరికే రాతి పొడి మాత్రం ఎం-శాండ్ కాదు, రెండింటినీ ఒకటిగా చూపిస్తే ఒప్పుకోవద్దు. తీర ప్రాంతాల్లో సముద్రపు ఇసుక, ఉప్పు నీళ్లు అసలే వద్దు.

ఎంత సిమెంటు పడుతుంది?

టైల్స్ లేకుండా నేరుగా నడిచే గచ్చుకు ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ల ఇసుక సరైన లెక్క. మందం ఒకటిన్నర అంగుళం ఉండాలి. ఈ లెక్కన వంద చదరపు అడుగులకు సుమారు మూడు బస్తాల సిమెంటు, 15 ఘనపుటడుగుల ఇసుక పడతాయి. 300 చదరపు అడుగుల గచ్చుకు తొమ్మిది బస్తాలు, 45 ఘనపుటడుగుల ఇసుక అన్నమాట. బెడ్‌కు పట్టేది దీనికి అదనం.

ఒకటికి ఎనిమిది కలిపితే అదే గచ్చు అయిదు బస్తాలతో అయిపోతుంది. బస్తా రూ.350 అనుకుంటే మిగిలేది రూ.1,400. కానీ ఆ గచ్చు లేచిపోతే పగలగొట్టే కూలి, కొత్త సరుకు, మళ్లీ మేస్త్రి కూలి అన్నీ మీ జేబులోంచే పోతాయి. పథకం సొమ్ము రెండోసారి రాదు.

పాళ్లను పారతో అందాజుగా వేయనివ్వకండి. ఒకే తట్టతో లేదా డబ్బాతో కొలిపించండి. బస్తా మీద ఐఎస్ఐ గుర్తు, తయారైన వారం చూడండి. మూడు నెలలు దాటినదీ, గడ్డకట్టినదీ తీసుకోవద్దు.

వేసే రోజు ఏం చూడాలి?

ముందుగా బెడ్‌ను ఊడ్చి, కడిగి, రాత్రంతా తడిపి ఉంచాలి. పొద్దున నిలిచిన నీళ్లు తీసేసి, సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే మాలు వేయాలి. ఈ పని వదిలేస్తే గచ్చు బెడ్‌కు అంటుకోదు, తడితే బోలుగా మోగుతుంది.

మట్టం గొట్టంతో గది నాలుగు మూలలా ఒకే ఎత్తులో గుర్తులు పెట్టించండి. వాటి మధ్య బద్ద లాగితేనే గచ్చు సమంగా వస్తుంది. బాత్రూంలో మాత్రం వాటం కావాలి. నాలుగడుగుల దూరానికి నీళ్లు పోయే గొట్టం వైపు అర అంగుళం నుంచి అంగుళం వరకు దిగాలి.

మాలు ఎంత తడిగా ఉండాలి? గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. పల్చగా కలిపితే పని సులువు. కానీ ఎక్కువైన నీరు ఆవిరైపోయి పగుళ్లు వదిలి వెళుతుంది. నీళ్లు కలిపిన మాలు గంటలో వాడేయాలి. బిగుసుకున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి కలపనివ్వద్దు.

పైన తేలిన తడిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లడం చాలాచోట్ల అలవాటు. అలా చేస్తే పైన పలుచని పెంకు ఏర్పడి, తర్వాత పెచ్చులుగా లేస్తుంది. తడి దానంతటదే తగ్గేదాకా ఆగి, అప్పుడు తాపీతో నున్నగా రుద్దాలి. తర్వాత టైల్స్ వేసుకునే ఉద్దేశం ఉంటే నున్నగా చేయించొద్దు, గరుకుగా వదిలేయాలి.

పెద్ద గదిని ఒకే పలకగా వేయకండి. ఏ పక్కా 2 మీటర్లు దాటకుండా గళ్లుగా విడగొట్టి, మధ్యలో గాజు లేదా అల్యూమినియం పట్టీలు పెట్టించండి. అప్పుడు ఆరేటప్పటి ఒత్తిడి ఆ గీతల దగ్గరే ఆగిపోతుంది.

అసలు పని మర్నాడు మొదలు

మేస్త్రి కూలి తీసుకుని వెళ్లిపోయాక గచ్చు సంగతి ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంటుంది. గట్టిపడటానికి సిమెంటుకు నీరు కావాలి. వేసిన మొదటి 24 గంటలు నడవకండి. ఆ తర్వాత గుమ్మాల దగ్గర మట్టితో చిన్న గట్టు కట్టి నీళ్లు నిలపండి, లేదా గోనె సంచులు పరిచి తడుపుతూ ఉండండి. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ వంటి మిశ్రమ సిమెంట్లకూ వేడి, పొడి వాతావరణానికీ కనీసం 10 రోజులు తడపాలంటోంది. గచ్చుకూ అదే పాటించండి. మే నెల ఎండల్లో వేయిస్తే కిటికీలకు గోనె పట్టాలు కట్టి వడగాలి ఆపండి. త్వరగా ఆరాలని ఫ్యాన్లు వేయొద్దు.

మేస్త్రితో ముందే ఏం రాసుకోవాలి?

చదరపు అడుగుకు కూలి ఎంతో మాత్రమే మాట్లాడుకుంటే సరిపోదు. మందం, మాలు పాళ్లు, పట్టీలు, బాత్రూం వాటం ఒక కాగితం మీద రాసుకోండి. కూలిలో కొంత భాగం పది రోజుల తర్వాత ఇచ్చేలా ఒప్పందం చేసుకోండి. ఆ రోజు చిన్న ఇనుప కడ్డీతో గది అంతా తట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే గచ్చు అతుక్కున్నట్లు. బోలుగా మోగిన చోట సుద్దముక్కతో గీసి, అంతవరకు కోసి మళ్లీ వేయించుకోండి. మిగతా కూలి ఆ తర్వాతే ఇవ్వండి.

సిమెంటు నాసిరకమని తేలితే బిల్లు, బస్తా దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అందుకే సిమెంటు కొన్న రోజే బిల్లు అడిగి తీసుకోండి.