బీడీలు చుట్టే చేతులతో కాగితం పూసలు

పాత క్యాలెండర్, చెంచా మైదా జిగురు, నాలుగు తెలుగు మాటలు.. షోలాపూర్ ఇళ్లలో పిల్లలతో ఓ పావుగంట

షోలాపూర్: తునికాకు మీద రేకు అచ్చు పెట్టి కత్తిరించాలి. చిటికెడు తంబాకు పరచి బిగువుగా చుట్టాలి. దారం కట్టి మూతి మడవాలి. షోలాపూర్ పూర్వభాగ్‌లో చాలా తెలుగిళ్ల గడపల్లో రోజూ కనిపించే పనే ఇది. ఈ పని వచ్చిన తల్లికి కాగితంతో బొమ్మలు చేయడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. కత్తిరించడం, చుట్టడం, మడవడం, ముడి వేయడం.. అన్నీ ఆ వేళ్లకు వచ్చినవే. లేనిదల్లా తీరిక ఒక్కటే.

మగ్గం పని కోసం తెలంగాణ పల్లెల నుంచి తరతరాల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు పద్మశాలీలు. 1877లో ఊళ్లో తొలి బట్టల మిల్లు వెలిసింది. మగవాళ్లు మిల్లులకు, మగ్గాలకు వెళితే ఆడవాళ్లు బీడీల చాట ఒళ్లో పెట్టుకున్నారు. పెద్ద మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డా చాట మాత్రం ఒడి దిగలేదు. కన్నా చౌక్, అశోక్ చౌక్, నీలంనగర్ నుంచి కుంభారి వైపు వెలిసిన కార్మికుల కాలనీల దాకా ఇదే తీరు.

ఈ ఇళ్ల పిల్లలు అమ్మతో తెలుగు మాట్లాడతారు. బడిలో మరాఠీయో, ఇంగ్లిషో చదువుతారు. దీంతో తెలుగు మాట నాలుక మీద ఉన్నా అక్షరం మాత్రం చేతికి అందడం లేదు. పలకా బలపం పట్టుకుని ‘తెలుగు నేర్చుకో’ అంటే ఆరేళ్ల పిల్లాడు పారిపోతాడు. అదే ‘పడవ చేద్దాం రా’ అంటే వచ్చి కూర్చుంటాడు. అక్కడి నుంచి మొదలుపెడితే సరి.

వెయ్యి లెక్కలో పావుగంట

బీడీకి కూలి వెయ్యి లెక్కన. పావుగంట లేచి వెళితే ఎన్ని బీడీలు తగ్గుతాయో తల్లికి లెక్క చెప్పక్కర్లేదు. అందుకే పిల్లలు పక్కన చేరి గోల చేస్తే ఫోన్ చేతిలో పెట్టేయడం తేలిక. కాదంటే ‘ఈ ఆకులు సర్దు, ఆ కట్టలు లెక్కపెట్టు’ అని పని చెప్పడం ఇంకా తేలిక. 1986 నాటి బాలకార్మిక చట్టం పిల్లల్ని పెట్టుకోకూడని పనుల జాబితాలో బీడీ తయారీని చేర్చింది. ఇంటివాళ్లతో కలిసి ఇంట్లోనే చేసే పనిని మాత్రం అప్పట్లో ఆ నిషేధం నుంచి తప్పించింది. సాయం పేరుతో మొదలైన పని పిల్లల చేతికి ఎలా అలవాటవుతుందో ఈ వాడల్లో పెద్దవాళ్లందరికీ అనుభవమే.

అవే చేతి కదలికల్ని ఆటగా మార్చే వీలు కాగితానికి ఉంది. దీనికి రోజంతా అక్కర్లేదు. బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చాక ఓ పావుగంట, సెలవు రోజున అరగంట చాలు. చిన్నపిల్లలు అంతకంటే ఎక్కువసేపు ఒకే పని మీద కూర్చోలేరు కూడా. ఒక షరతు మాత్రం ఉంది. చాట, తంబాకు పక్క గదిలోకి వెళ్లాలి. తల్లి చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. ఆకు కత్తిరించే కత్తెర ఈ పనికి వాడకూడదు. దానికంటిన తంబాకు పొడి కాగితం మీదికి, అక్కడి నుంచి పిల్లల నోట్లోకి చేరుతుంది.

కొనాల్సింది తక్కువే

పాత క్యాలెండర్లు, పెళ్లి కార్డులు, నిరుటి నోటు పుస్తకాల్లో మిగిలిన పేజీలు, మిఠాయి డబ్బాల అట్టలు దాచిపెడితే ఏడాదికి సరిపోతాయి. రంగు కావాలంటే దుకాణంలో పతంగి కాగితం దొరుకుతుంది. మొన లేని చిన్న కత్తెర ఒకటి కొనాలి.

జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు చెంచాల మైదాను ముందు కొద్దిగా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపాలి. గ్లాసు నీళ్లు పోసి సన్నని సెగ మీద తిప్పుతూ ఉంటే చిక్కబడి నిగనిగలాడుతుంది. అప్పుడు దించేయాలి. పడుగుకు గంజి పెట్టిన ఇళ్లకు ఈ పాకం కొత్తేం కాదు. పురుగు పట్టకుండా పూర్వం ఇందులో మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం. పిల్లలు ముట్టుకునే జిగురులో వేయనే వద్దు. కొద్దికొద్దిగా చేసుకుని, రెండు రోజులకు మిగిలింది పారేస్తే చాలు.

వానకు పడవ, మధ్యలో టోపీ

మూడు నాలుగేళ్ల పిల్లలకు కత్తెర వద్దు. మడత చాలు. పడవే మొదటి పాఠం. నోటు పుస్తకం పేజీని అడ్డంగా సగానికి మడిచి, మడత పైకి వచ్చేలా పెట్టాలి. పై రెండు మూలల్ని మధ్యకు తెచ్చి మడిస్తే గోపురంలా వస్తుంది. కింద మిగిలిన అంచుల్ని ముందొకటి, వెనకొకటి పైకి మడవాలి. ఇక్కడ ఓ క్షణం ఆగి తలమీద పెడితే టోపీ! పిల్లలు నవ్వడం అయ్యాక టోపీ నోరు తెరిచి, రెండు చివర్లు కలిసేలా నొక్కితే నలుపలకగా మారుతుంది. కింది కొసను ముందుకొకటి, వెనక్కొకటి పైకి మడిచి, మళ్లీ నోరు తెరిచి నలుపలక చేయాలి. పైన రెండుగా విడిపోయే కొసల్ని చెరోవైపు మెల్లగా లాగితే పడవ తయారు.

చేస్తున్నంతసేపూ మాట నడవాలి. మడత, అంచు, మూల, కొస, సగం, పైకి, కిందికి.. ఇవన్నీ బళ్లో మరాఠీలో వినే మాటలే. ఇంట్లో చేతిలో కాగితం ఉండగా తెలుగులో వింటే గుర్తుండిపోతాయి. ‘హోడీ’ అన్న పిల్లాడిని తప్పు పట్టక్కర్లేదు. ‘మనం పడవ అంటాం’ అంటే సరిపోతుంది. కాగితం దగ్గర గొడవే లేదు. మరాఠీలో కాగద్, కన్నడంలో కాగద, తమిళంలో కాగిదం, ఒడియాలో కాగజ. పారసీ ‘కాగజ్’ నుంచి వచ్చి అందరికీ చుట్టమైన మాట ఇది. ఈ కబురు చెబితే పిల్లలకు భలే సరదా.

నూలు పున్నమికి పూసల రాఖీ

శ్రావణ పౌర్ణమి షోలాపూర్ పద్మశాలీలకు పెద్ద పండగ. మార్కండేయ మహాముని రథం కదిలేది ఆ రోజే. రాఖీలూ ఆ రోజే. బజారు రాఖీకి బదులు కాగితం పూసతో చెల్లెలే అన్నకు చేసి కట్టొచ్చు.

క్యాలెండర్ కాగితాన్ని పొడుగాటి త్రికోణాలుగా కత్తిరించాలి. ఒకవైపు 2 సెంటీమీటర్ల వెడల్పు, అక్కడి నుంచి 20 సెంటీమీటర్ల పొడవున సన్నబడుతూ కొసకు రావాలి. చీపురుపుల్లకు వెడల్పు వైపు నుంచి చుట్టుకుంటూ రావాలి. చివరి రెండు అంగుళాలకు జిగురు రాసి అంటించి పుల్ల లాగేస్తే నడుమ లావుగా, చివర్లు సన్నంగా పూస వస్తుంది. బిగువుగా చుట్టడంలోనే ఉంది కిటుకంతా. అది బీడీ చుట్టే అమ్మకన్నా బాగా ఎవరికి తెలుసు? అయిదారేళ్ల పిల్లలు కూడా రెండు మూడు పాడు చేశాక పట్టేస్తారు.

పూసలు పూటంతా ఆరాలి. ఇక చిన్నా పెద్దా మూడు గుండ్రాలు కత్తిరించి, అంచుల్ని కుచ్చులా కోసి, ఒకదాని మీద ఒకటి అంటించి నడుమ పూస పెట్టాలి. మగ్గం దగ్గర మిగిలిన రంగు నూలును పేని వెనక అతికిస్తే రాఖీ అయిపోయింది. మిగిలిన పూసలు గుచ్చితే నాయనమ్మకు దండ. రాట్నం, కండె, పడుగు, పేక.. నూలు చేతిలో ఉన్నప్పుడు తాత ఈ మాటలు చెబితే కథ వేరే అక్కర్లేదు. మరమగ్గాలు చూసిన పిల్లలకు కూడా ఈ పేర్లు తెలియవు.

బతుకమ్మ పూలు, దీపావళి కందీలు

పెత్రమావాస్య వచ్చిందంటే తెలుగు వాడల్లో బతుకమ్మ సందడి. పెద్దల బతుకమ్మకు అసలు పూలే ఉండాలి. పిల్లలకు మాత్రం కాగితం బతుకమ్మ చేసి ఇవ్వొచ్చు. అట్టను గుండ్రంగా కోసి, మీద క్యాలెండర్ కాగితంతో గోపురంలా చుట్టి నిలబెట్టాలి. రెండు వేళ్ల వెడల్పు పట్టీలు తీసి, ఒక అంచును సన్నగా కుచ్చులు కోసి కింది నుంచి వరసలుగా అంటించుకుంటూ పోవాలి. పసుపు పట్టీ తంగేడు. తెల్ల పట్టీ గునుగు. దాని కొసలకు రంగు అద్దితే ఇంకా బాగుంటుంది. నారింజ పట్టీ బంతి. ఒక్కో వరస అంటించినప్పుడల్లా ఆ పూవు పేరు చెప్పించాలి.

దీపావళికి మరాఠీ ఇళ్ల ముందు ఆకాశ కందీళ్లు వేలాడతాయి. అది తెలుగిళ్లకూ ఎప్పుడో అలవాటైంది. చిన్నపిల్లలకు తేలికైన కందీలు ఒకటుంది. కాస్త మందమైన కాగితాన్ని పొడుగ్గా సగానికి మడవాలి. మడత వైపు నుంచి వేలెడు దూరానికొక గాటు పెట్టుకుంటూ వెళ్లాలి. గాటు అవతలి అంచుకు అంగుళం ముందే ఆగిపోవాలి. విప్పి గుండ్రంగా చుట్టి అంచులు అంటిస్తే నడుమ ఉబ్బిన కందీలు వస్తుంది. పైన పట్టీ అంటించి తగిలించాలి. ఇది అలంకారానికే. లోపల దీపం గానీ, కొవ్వొత్తి గానీ పెట్టకూడదు.

సంక్రాంతికి తిళ్‌గుళ్ పంచాలి కదా. పాత పెళ్లి కార్డును పొట్లంలా చుట్టి అంటిస్తే ఇరుగుపొరుగు మరాఠీ పిల్లలకు ఇవ్వడానికి కానుక సిద్ధం. పొట్లం మీద పేరు మరాఠీలోనే రాయనివ్వండి. కానుక అందుకునేవాళ్లు చదువుకోవాలి మరి.

ఉగాదికి అమ్మమ్మ పేరు

గుడిపాడ్వా, ఉగాది ఒకే రోజు. తెలుగు అక్షరానికి అదే ముహూర్తం. కార్డు అట్టను సగానికి మడిచి, పైన ఆకుపచ్చ కాగితంతో వేపరెమ్మ అంటించాలి. లోపల ఏం రాయాలి? పెద్ద వాక్యాలు వద్దు. ‘అమ్మమ్మ’ చాలు. అందులో ఉన్నది ‘అ’, ‘మ’, కింద ‘మ’ వత్తు. అంతే.

రాయడానికి భయపడే పిల్లలతో కాగితం పట్టీలతోనే అక్షరాలు చేయించొచ్చు. అర సెంటీమీటరు పట్టీని గుండ్రంగా చుట్టి నిలువుగా అంటిస్తే సున్న. దానికి తలకట్టు పెట్టి, నడుమ చుక్క పెడితే ‘ఠ’. సున్న మీద తలకట్టు పెడితే ‘ర’. దేవనాగరి అక్షరానికి పైన నిలకడగా గీత ఉంటుంది. తెలుగుది వంపు. కాగితం పట్టీకి వంగడమే సులువు కాబట్టి తెలుగు అక్షరం ఇట్టే కుదురుతుంది. వేలితో తడిమి చూసిన అక్షరం త్వరగా మరచిపోయేది కాదు.

ఊళ్లో ఉన్న అమ్మమ్మకు చదువు వచ్చినా రాకపోయినా ఫర్వాలేదు. కార్డు పంపాక ఫోన్లో పిల్లలే చదివి వినిపిస్తారు. ఫోన్లో మాట అక్కడితో అయిపోతుంది. కార్డు మాత్రం గోడకు ఉంటుంది. పోస్టులో వెళ్లకపోతే సిరిసిల్లకో, నల్గొండకో పెళ్లికి వెళ్లే చుట్టాల సంచిలో వెళుతుంది.

ఇవి మరవొద్దు

* మూడు నాలుగేళ్లకు మడతలు, చింపి అంటించడం. అయిదు దాటాక మొన లేని కత్తెర. బ్లేడు ఏ వయసుకూ వద్దు.

* స్టాప్లర్ పిన్నులు, గుండుసూదులు వాడొద్దు. జిగురు, దారం చాలు. చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే పూసలు వాళ్ల నోటికి అందకుండా ఉంచాలి.

* వంకరగా వచ్చిందని పెద్దవాళ్లు లాక్కుని సరిచేయకూడదు. మీరు ఒకటి చేస్తూ ఉండండి, పిల్లలు పక్కన ఇంకొకటి చేసుకుంటారు.

* మాట తెలుగులో చెప్పండి. జవాబు మరాఠీలో వచ్చినా ఆటను ఆపొద్దు.

* పూసలు బాగా వస్తున్నాయని రోజుకు ఇన్ని చేయాలని లెక్క పెట్టొద్దు. అమ్మి డబ్బు చేద్దామన్న ఆలోచన అసలే వద్దు. ఇంట్లో లెక్క కట్టే పని ఇప్పటికే ఒకటుంది. ఇది లెక్క లేనిదిగానే ఉండనివ్వండి.