భుజం మీద మచ్చ ఉన్నా క్షయ ఎందుకు వస్తోంది?

పసివారికి రక్ష, పెద్దల విషయం అనుమానమే, బి.సి.జి. టీకాపై ఏడు దశాబ్దాలు దాటిన వాదోపవాదాలు

మదనపల్లె: పల్లెల్లో నలభై ఏళ్ల లోపు వారి ఎడమ భుజం చూస్తే చాలామందికి గుండ్రటి చిన్న మచ్చ కనిపిస్తుంది. పుట్టిన వెంటనే వేసే బి.సి.జి. టీకా తాలూకు గుర్తు అది. క్షయ రాకుండా వేసే టీకా అని అందరికీ తెలిసినదే. అయినా క్షయ పోలేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. వారిలో భుజం మీద మచ్చ ఉన్నవారికీ కొదవ లేదు.

టీకా వేయించుకున్న వానికే జబ్బు వస్తే ఇక ఆ టీకా దేనికి అన్న ప్రశ్న రచ్చబండ దగ్గర, టీకొట్టు దగ్గర, చంటిబిడ్డలతో ఆరోగ్య కేంద్రానికి వచ్చిన తల్లుల మధ్య తరచు వినిపిస్తూ ఉంటుంది. 2024లో కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన జిల్లాల్లో పెద్దవారికి కూడా ఈ టీకా వేయడం చేపట్టిన తర్వాత, పసిపిల్లల సూది పెద్దలకేమిటి అన్న అనుమానం కూడా తోడయింది. ఈ ప్రశ్నలు అడిగేవారిని అజ్ఞానులని కొట్టివేయడానికి వీలులేదు. పెద్ద పెద్ద వైద్యులు సైతం ఏళ్ల తరబడి తర్కించుకున్న విషయమిది.

మొదలు మదనపల్లెలోనే

ఈ టీకాకూ మదనపల్లెకూ పాత సంబంధం ఉంది. పట్టణానికి దగ్గరలోని ఆరోగ్యవరం శానిటోరియం 1915లో డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో ప్రారంభమయింది. క్షయకు మందన్నదే లేని రోజులవి. పొడిగాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇవే వైద్యం. ఇక్కడి మెట్ట ప్రాంతపు వాతావరణం ఊపిరితిత్తుల రోగులకు అనుకూలమని భావించి ఈ చోటును ఎన్నుకున్నారు.

1948లో మన దేశంలో బి.సి.జి. టీకా వేయడం ప్రయోగాత్మకంగా మొదలయింది ఈ మదనపల్లెలోనే. అదే సంవత్సరం మద్రాసు నగరంలోని గిండీలో ఈ టీకా తయారీకి ప్రయోగశాల నెలకొల్పారు. 1951 నుంచి దేశమంతటా పెద్ద ఎత్తున టీకాలు వేయసాగారు.

ఈ టీకాను కనిపెట్టిన వారు ఫ్రాన్సుకు చెందిన కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు. ఆవులలో క్షయ కలిగించే క్రిమిని తీసుకుని, పైత్యరసంలో నానిన బంగాళాదుంప ముక్కల మీద 13 ఏళ్లపాటు, 230 సార్లు మార్చి మార్చి పెంచారు. అలా పెంచగా పెంచగా క్రిమి బతికే ఉన్నది గాని జబ్బు కలిగించే శక్తి పోయింది. కోరలు పీకిన పాము వంటిదన్నమాట. దాన్ని ఒంట్లోకి ఎక్కిస్తే, లోపలి రక్షక కణాలు శత్రువు పోలికను గుర్తుపెట్టుకుంటాయి. తర్వాత అసలు క్షయ క్రిమి వచ్చినప్పుడు ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉంటాయి. 1921లో మొదటిసారి పారిస్‌లో ఒక శిశువుకు ఈ టీకా మందును నోటి ద్వారా ఇచ్చారు.

వ్యతిరేకించిన రాజాజీ

టీకాపై అనుమానాలు మొదటి నుంచీ ఉన్నాయి. వాటికి కారణం కూడా ఉంది. 1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణంలో ఈ టీకా ఇచ్చిన పసికందులలో 70 మందికి పైగా మరణించారు. విచారణ జరపగా తేలిందేమిటంటే, టీకా తప్పు కాదు. అక్కడి ప్రయోగశాలలో టీకా మందులో అసలు క్షయ క్రిములు కలిసిపోయాయి. బాధ్యులైన వైద్యులకు శిక్ష పడింది. టీకా తయారీలో, నిలవలో జాగ్రత్తలు కట్టుదిట్టం కావడానికి ఇటువంటి అనుభవాలే కారణం.

మన వైపు చూస్తే, 1954 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న రాజాజీ 1955లో బి.సి.జి.ని బాహాటంగా వ్యతిరేకించారు. తాను ఎందుకు వ్యతిరేకిస్తున్నదీ వివరిస్తూ ఇంగ్లీషులో చిన్న పుస్తకం కూడా ప్రచురించారు. టీకా వల్ల మేలు జరుగుతుందని రుజువు కాకుండానే ఆరోగ్యంగా ఉన్న లక్షలాది పిల్లలకు వేయడం తగదన్నది ఆయన వాదన. ప్రభుత్వం మాత్రం కార్యక్రమాన్ని ఆపలేదు.

చెంగల్పట్టులో తేలిన సంగతి

వాదం తేలాలంటే లెక్క తీయవలసిందే. అందుకని 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లా గ్రామాలలో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థల సహకారంతో ఒక భారీ పరిశీలన ప్రారంభించింది. రెండున్నర లక్షలకు పైగా జనానికి సూదులు వేశారు. కొందరికి అసలు టీకా, కొందరికి మందు లేని ఉత్త ద్రావణం. ఎవరికి ఏది పడిందీ తెలియకుండా ఉంచి, ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి తెమడ పరీక్షలు చేశారు.

1979లో వెలువడిన ఫలితం ఎవరూ ఊహించనిది. ఊపిరితిత్తుల క్షయ విషయంలో టీకా వేసుకున్న పెద్దలకూ, వేసుకోని వారికీ తేడా కనిపించలేదు. 15 ఏళ్ల పరిశీలన ముగిసి, 1999లో పూర్తి వివరాలు ప్రకటించినప్పుడు కూడా అదే తేలింది. అయితే అంతకు ముందు 1950ల్లో బ్రిటన్‌లో బడి పిల్లలపై జరిపిన పరిశీలనలో ఇదే టీకా నూటికి సుమారు 80 మందిని కాపాడినట్లు తేలి ఉన్నది.

ఒకచోట పనిచేసిన టీకా ఇంకొక చోట ఎందుకు పనిచేయలేదు? మన మట్టిలో, నీటిలో క్షయ క్రిమికి చుట్టరికం ఉన్న క్రిములు చాలా ఉంటాయి. చిన్నప్పటి నుంచి వాటితో పరిచయం వల్ల ఒంట్లో ఎంతో కొంత రక్షణ ముందే ఏర్పడి ఉంటుందని, టీకా దానికి కొత్తగా కలిపేది తక్కువని శాస్త్రజ్ఞులు ఒక కారణం చెబుతారు. పెద్దవారిలో చాలామందికి క్షయ క్రిమి ముందే సోకి ఒంట్లో నిద్రాణంగా ఉండటం మరొక కారణం. దొంగ ఇంట్లో దూరిన తర్వాత తలుపుకు గడియ పెట్టి ప్రయోజనమేమిటి?

పసిబిడ్డల సంగతి వేరు

ఇంతవరకు చదివి, అయితే టీకా దండగే కదా అనుకుంటే పొరపాటు. పెద్దలకు వచ్చే క్షయ వేరు, పసివారికి వచ్చే క్షయ వేరు. పెద్దలలో ఎక్కువగా ఊపిరితిత్తులు చెడతాయి. పసిబిడ్డలలో క్రిమి ఒక్కచోట ఆగక రక్తం ద్వారా ఒళ్లంతా పాకుతుంది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా కొర్ర గింజలు చల్లినట్లు కనిపిస్తుంది. మెదడు పొరలకు పాకితే బిడ్డ దక్కడమే కష్టం. దక్కినా చూపు, వినికిడి, కాలు సేతుల స్వాధీనం పోయే ప్రమాదం ఉంది.

ఈ రెండు రకాల ప్రాణాంతకమైన క్షయ నుంచి బి.సి.జి. నూటికి 70 పైచిలుకు పిల్లలను కాపాడుతుందని అనేక దేశాల లెక్కలు కలిపి చూస్తే తేలింది. చెంగల్పట్టు ఫలితం వచ్చాక కూడా ప్రభుత్వం పసిపిల్లలకు ఈ టీకా మానకపోవడానికి కారణం ఇదే. అంటే, టీకా వేసుకున్నా జబ్బు వచ్చిందని చెప్పేవారి మాట అబద్ధం కాదు. ఆ మాట పట్టుకుని చంటిబిడ్డకు టీకా మానిపించడం మాత్రం బిడ్డ ప్రాణంతో చెలగాటమే.

ఇంకొక విషయం కూడా గమనించదగ్గది. చిన్న పిల్లల నుంచి క్షయ ఇతరులకు సోకడం అరుదు. ఇంట్లో దగ్గే పెద్దవారి నుంచే పిల్లలకు సోకుతుంది. కాబట్టి పిల్లలందరికీ టీకా వేసినంత మాత్రాన ఊరిలో క్షయ పోదు. పెద్దల దగ్గు తగ్గితేనే పోతుంది.

అన్ని టీకాలూ ఒకటి కావు

ఒక టీకా సంగతి చూసి అన్నిటినీ అదే గాటన కట్టడం కూడా సరికాదు. తట్టు టీకా రెండుసార్లు పడితే చాలామందికి జీవితాంతం రక్షణ ఉంటుంది. ధనుర్వాతం, కంఠసర్పి టీకాల బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే 10 ఏళ్లకు, 16 ఏళ్లకు, గర్భవతులకు మళ్లీ వేస్తారు. మశూచి టీకా పుణ్యమా అని ఆ జబ్బే లోకంలో లేకుండా పోయింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సంగతి ప్రకటించింది. బి.సి.జి. మాత్రం బిడ్డకు కవచం. పెద్దవాడికి అంత నమ్మదగింది కాదు.

మరి పెద్దలకు ఎందుకు వేసినట్టు?

2024లో చేపట్టిన కార్యక్రమం అందరికీ ఉద్దేశించినది కాదు. గత అయిదేళ్లలో క్షయ వచ్చి తగ్గినవారు, రోగి ఇంట్లో మెలిగినవారు, చక్కెర వ్యాధి ఉన్నవారు, పొగ తాగేవారు, బాగా బక్కచిక్కినవారు, 60 ఏళ్లు దాటినవారు, ఇలా ముప్పు ఎక్కువ ఉన్నవారిని ఎంపిక చేశారు. బలవంతం లేదు. అంగీకరించిన వారికే వేశారు. వేసినచోట, వేయనిచోట జబ్బు ఎలా ఉన్నదీ పోల్చి చూడటమే ఉద్దేశం.

ఈ విషయంలో విదేశాల అనుభవం కూడా అటూ ఇటూగానే ఉంది. 2018లో దక్షిణాఫ్రికాలో కౌమార వయసు పిల్లలకు రెండోసారి బి.సి.జి. వేయగా కొంత మేలు కనిపించి ఆశలు చిగురించాయి. మరింత మందిపై జరిపి 2025లో ప్రకటించిన పరిశీలన ఆ ఆశను నిలబెట్టలేదు. పెద్దల కోసం వేరే కొత్త టీకాను 2024 నుంచి దక్షిణాఫ్రికాలో పెద్ద ఎత్తున పరీక్షిస్తున్నారు.

తల్లులు తెలుసుకోవలసినవి

బి.సి.జి. టీకా పుట్టిన వెంటనే వేయించాలి. ఏ కారణం చేతనైనా తప్పిపోతే ఏడాది నిండేలోగా వేయించవచ్చు. వేసిన రెండు మూడు వారాలకు అక్కడ చిన్న పొక్కు లేచి, చితికి, పుండై, కొన్ని వారాలకు మాని మచ్చ పడుతుంది. ఇది టీకా పనిచేస్తున్న గుర్తే గాని జబ్బు కాదు. పుండు మీద పసుపు, సున్నం, ఆకు పసరు వంటివేవీ పూయకూడదు. చంకలో బిళ్ల పెద్దదిగా కట్టినా, చీము పట్టినా వైద్యునికి చూపించాలి. మచ్చ పడలేదని మళ్లీ వేయించవలసిన అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తల్లికి హెచ్.ఐ.వి. ఉన్నట్లయితే ఆ సంగతి దాచకుండా టీకాకు ముందే వైద్యునికి చెప్పాలి.

పెద్దలకు అసలు రక్ష ఏది?

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం, వీటిలో ఏది కనిపించినా ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. జబ్బు ఉన్నట్లు తేలితే మందులు కూడా ఉచితం. మామూలు క్షయకు 6 నెలలు మందులు మింగాలి. రెండు నెలలకే ఒంట్లో సత్తువ వచ్చిందని మానేస్తే జబ్బు మందుకు లొంగకుండా మొండికేస్తుంది. రోగితో ఒకే ఇంట్లో ఉన్నవారికి, ముఖ్యంగా అయిదేళ్ల లోపు పిల్లలకు, జబ్బు లేదని నిర్ధారించుకున్న తర్వాత అది రాకుండా ముందుగానే మందు ఇస్తారు.

పోషకాహారం కోసం రోగికి ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తుండగా, 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలకు పెంచారు. తిండి ప్రాధాన్యం తక్కువేమీ కాదు. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు జరిపిన పరిశీలనలో, రోగుల ఇంటివారికి అదనంగా తిండిగింజలు, పప్పు అందించగా వారిలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది.

ఇక రోగి కంచం, చెంబు వేరు పెట్టడం, పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందని జబ్బు దాచడం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నదే. క్షయ కంచం ద్వారా అంటేది కాదు, దగ్గినప్పుడు గాలి ద్వారా అంటేది. ఇంట్లో ఉండి మందులు వాడినా, శానిటోరియంలో చేరి వాడినా గుణం ఒకటేనని, సక్రమంగా మందు వాడే రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఇంటివారికి అదనంగా ముప్పు లేదని మద్రాసులో జరిపిన పరిశీలన 1959లోనే తేల్చింది. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం, మందు మానకపోవడం, రోగి ఇంటిల్లిపాదికీ చేయగల మేలు ఇదే. దాచిన దగ్గు ముందుగా ఇంట్లోని పసివారినే పట్టుకుంటుందన్నది పెద్దలు మరువరాదు.