పాదపం – మహీరుహం

సంస్కృతంలో చెట్టుకు గల పర్యాయపదాలలో రెండు ఇక్కడ స్మరింపదగినవి. పాదాలతో నీరు త్రాగేది కనుక అది 'పాదపం'. భూమినుండి పైకి మొలచి వచ్చేది కనుక 'మహీరుహం'. మొదటి పేరు పెట్టినవారి చూపు వేరుపై నిలిచింది, రెండవ పేరు పెట్టినవారి చూపు కొమ్మపై నిలిచింది. చెట్టు మాత్రం ఈ రెండింటినీ ఒకే ఆదాయంతో పోషించుకోవాలి. ఆ ఆదాయం ఆకులు సూర్యకాంతితో తయారుచేసే చక్కెర. అందులో దాదాపు సగం శ్వాసక్రియకే ఖర్చయిపోతుంది. మిగిలిన దానిలో వేరుకెంత, కొమ్మకెంత?

ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం పరిసరాలలో పొలం గట్లపై కనిపించే తాటిచెట్టు ఈ పంపకానికి చక్కని నిదర్శనం. తాటిటెంక మొలకెత్తినప్పుడు మొలక మొదట పైకి రాదు, నేలలోకి దిగుతుంది. టెంకలో ఏర్పడే మెత్తని బుర్రగుంజు లోపలి ఆహారాన్ని కరిగించి, పీల్చి, క్రిందికి పంపుతుంది. అది పిండిపదార్థంగా నిలువ చేరినదే మనం కాల్చుకొనో ఉడకబెట్టుకొనో తినే తేగ. తేగను చీల్చి పిల్లలు ఇష్టంగా ఏరుకొనే 'చందమామ' ముందుముందు వెలుగు చూడవలసిన లేత ఆకు. అంటే తేగ తినేవారు ఒక తాటిచెట్టు పెట్టుబడినంతా ఆరగిస్తున్నారన్నమాట! ఆకులు పైకి వచ్చిన తరువాత కూడా కొన్నేళ్ళపాటు మాను లేవదు. తాటిమానుకు తరువాత లావెక్కే అవకాశం దాదాపు లేదు కనుక, మొదలు తగినంత వెడల్పై, వేళ్ళు నాటుకొన్న తరువాతే అది ఎత్తు పెరుగుతుంది.

పంపకం చేసే పెద్ద ఎవరూ చెట్టులో లేరు. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు బ్రౌవర్ 1962లో దీనిని సరళంగా వివరించాడు. నీరు, నత్రజని వేరుకు ముందుగా అందుతాయి. చక్కెర ఆకులకు ముందుగా అందుతుంది. నేల ఎండినప్పుడు దూరాన ఉన్న చిగుళ్ళు ముందు కుంటుపడతాయి. అక్కడ ఖర్చుకాని చక్కెర క్రిందికి దిగి వేళ్ళను పెంచుతుంది. నీడలో పెరిగే మొక్కలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది: తక్కువగా తయారైన చక్కెరను కొమ్మలే వాడుకొంటాయి, వేరు పస్తుంటుంది. దీనికి తోడు, చిగుళ్ళలో పుట్టే ఆక్సిన్ క్రిందికి వచ్చి కొత్త వేళ్ళను ప్రేరేపిస్తుంది. వేరు కొసలలో పుట్టే సైటోకైనిన్ పైకి ప్రాకి మొగ్గలను మేల్కొల్పుతుంది.

వయసుతోపాటు వాటాలు మారుతాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం 2006లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఉష్ణమండలపు పొడి అడవిలో నేలపైని వృక్షపదార్థం హెక్టారుకు 20 టన్నుల లోపు ఉంటే, ప్రతి టన్నుకు నేలలో 0.56 టన్ను వేరు ఉంటుంది. అంతకు మించిన అడవిలో 0.28 మాత్రమే. అయితే బరువును చూసి ఖర్చును లెక్కించరాదు. మాను కలప ఏటేటా పోగుపడుతుంది. సన్నని పీచువేళ్ళు చనిపోతూ, మళ్ళీ పుడుతూ ఉంటాయి. వాటికైన ఖర్చు తూకానికి అందదు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో ఉత్తరాంధ్ర 2014 అక్టోబరు 12న చూసింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు వేలాది చెట్లు నేలకూలాయి. అంతటి గాలికి మంచి వేరున్న చెట్టు సైతం పడిపోవచ్చు. కాని కొన్నిచోట్ల వేరుకు అన్యాయం చేసేది మనుషులే. ప్లాస్టిక్ సంచిలో ఎక్కువకాలం ఉంచిన మొక్క వేళ్ళు చుట్టలు చుట్టుకొంటాయి. నాటిన తరువాతా ఆ చుట్ట పూర్తిగా వీడదు. రోజూ చెంబెడు నీరు మొదట్లో పోస్తే వేరుకు లోతుకు పోవలసిన పని ఉండదు. మానుచుట్టూ సిమెంటు పరిస్తే గాలి, నీరు అందవు. గొట్టాలకోసం కాలువ త్రవ్వితే ఒకవైపు ఆధారమే తెగిపోతుంది. పైన మాత్రం కొమ్మలు పచ్చగానే కనిపిస్తుంటాయి.

తుఫానుకు కొమ్మలన్నీ విరిగినా వేరు కదలని చెట్టు తిరిగి చిగురిస్తుంది. ఆ చిగుళ్ళకు ఖర్చయ్యేది వేళ్ళలో, మానులో దాచుకొన్న పిండిపదార్థం. కొత్త ఆకులు ముదిరి చక్కెరను క్రిందికి పంపేవరకు వేరుకు దక్కేది స్వల్పం. కనుక అటువంటి చెట్టు మొదట్లో ఆ ఏడాది గోతులు త్రవ్వకూడదు. గుబురుగా ఉన్నాయని ఆ చిగుళ్ళను నరకకూడదు.