కన్నవారి జాడ

మన పూర్వాచారమున దత్తత రహస్యము కాదు. అన్నకు సంతానము లేనియెడల తమ్ముని కుమారుని, అక్కకు లేనియెడల చెల్లెలి బిడ్డను, బంధువులెల్లరు చూచుచుండగా కన్నవారు చేతులార ఇచ్చుటయు, పెంచుకొనువారు చేతులార పుచ్చుకొనుటయు ఆ వేడుకకు ప్రాణము. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము దత్తహోమము తప్పనిసరి కాదన్నదే గాని, ఈ ఇచ్చిపుచ్చుకొనుట లేనిదే దత్తత చెల్లదనియే చెప్పినది. అట్టి దత్తపుత్రునికి తన్ను కన్న తల్లి ఏ వీధిలో నున్నదో తెలిసియే యుండెడిది. ఆసుపత్రి వాకిట, బస్సుస్టాండు బల్లపైన, శరణాలయపు ఊయలలో విడువబడిన శిశువుల దత్తత పెరిగినకొలది కన్నవారెవరో తెలియమి కూడ పెరిగినది.

పురిటింట అడుగిడిన ప్రతి ముత్తైదువయు మొదట వెదకునది పోలిక: ముక్కు నాయనమ్మది, నుదురు మేనమామది. ఆ మాట ఎన్నడును వినని బిడ్డ పెద్దదై తన పుట్టుపూర్వోత్తరములను తెలిసికొనగోరినచో, అది పెంచినవారియెడ కృతఘ్నత యని భావించుట అన్యాయము.

ఈ అన్వేషణకు పూనుకొనువారు మొట్టమొదట విచారింపవలసినది, తమ దత్తత ఏ సంవత్సరమున, ఏ చట్టము క్రింద జరిగినదనియే. ఏలయన కాగితము ఏ కచ్చేరిలో నున్నదో నిర్ణయించునది అదియే. ఇరువైపుల పెద్దలు కూర్చుండి వ్రాసికొన్న దత్తతయై, దస్తావేజు రిజిస్టరు అయి యుండినచో, సబ్‌రిజిస్ట్రారు కచ్చేరిలో దాని నకలు దొరకును. తల్లిదండ్రులు తెలియని బిడ్డను, 1962 నాటి సవరణ ననుసరించి, సంరక్షకుని హోదాలో మఱియొకరు ఇచ్చియుండినచో, అందుకు న్యాయస్థానానుమతి కావలసియుండెను గనుక, ఆ కోర్టులో అర్జీయు ఉత్తరువును ఉండవలెను. విదేశీయులైతే పూర్వము 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము క్రింద ఇక్కడ సంరక్షకులుగా నియమింపబడి, బిడ్డను తమ దేశమునకు తీసికొనిపోయి, అచ్చటి చట్టము ప్రకారము దత్తత చేసికొనెడివారు; కావున స్వీడనులోనో అమెరికాలోనో పెరిగిన తెలుగుబిడ్డ కథలో సగము ఇక్కడి కోర్టు రికార్డు గదిలో, తక్కిన సగము అచ్చటి దస్త్రములలో నుండును. 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద జరిగిన దత్తతలకు మొదట కోర్టు ఉత్తరువు నిచ్చెడిది. 2022 సెప్టెంబరు నుండి ఆ అధికారము జిల్లా మేజిస్ట్రేటుకు, అనగా మన వాడుకలో కలెక్టరుకు, సంక్రమించినది.

అయినను ఉత్తరువుకన్న విలువైనది శరణాలయమువారి దస్త్రము. శిశువును గూర్చిన అధ్యయన నివేదిక, వైద్య పరీక్షా పత్రము, బాలల సంక్షేమ సమితి ఉత్తరువు, తల్లి స్వయముగా అప్పగించినదైనచో ఆ అప్పగింత పత్రము, దొరికిన బిడ్డయైనచో పోలీసుస్టేషనులో వ్రాసిన వివరము, ఇవన్నియు అందే యుండవలసినవి. కాని ఒక హెచ్చరిక: అందలి పేరు ఆయా ముద్దుగా పెట్టినదై యుండవచ్చును, జన్మదినము వైద్యుడు పండ్లు, తూకము చూచి అంచనా కట్టినదై యుండవచ్చును.

2022 నాటి దత్తత నిబంధనలు ఈ మూలాన్వేషణకు స్పష్టమైన మార్గమును చూపినవి. దత్తులు స్వయముగా అడిగినప్పుడు శరణాలయము, జిల్లా బాలల సంరక్షణ విభాగము, రాష్ట్రస్థాయి దత్తత సంస్థ, ఢిల్లీలోని 'కారా' యను కేంద్ర సంస్థ, విదేశములందలి భారత రాయబార కార్యాలయము, వీరిలో ఎవరైనను సహకరింపవలసినదే. పదునెనిమిదేండ్లు నిండనివారు పెంపుడు తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేయవలెను. ఇతరులెవ్వరును వారి తరఫున వెదకరాదు. తల్లి అప్పగించిన బిడ్డయైనచో వివరములు తెలుపుటకు ఆమె సమ్మతి కావలయును.

ఈ తుదినియమము కొందఱికి కఠినముగా తోచును. కాని ఆ తల్లిని ఒక్కమాఱు తలచుకొనుడు. బిడ్డను అప్పగించిన పిదప మనసు మార్చుకొనుటకు చట్టము ఆమెకు అరువది దినములు గడువిచ్చినది. అది దాటిన వెనుక ఆమె మఱియొక ఊరికి, మఱియొక ఇంటికి కోడలై పోయి, ఆ దినములను ఎవ్వరితోను చెప్పుకొనక బ్రతుకుచుండవచ్చును. ఆమె గోప్యతను భంగపఱచు హక్కు కన్నబిడ్డకును లేదనుట న్యాయమే. ఆమె కాదన్నను, లేక ఆమె జాడయే దొరకకున్నను, ఏ కారణమున, ఏ పరిస్థితులలో ఆ అప్పగింత జరిగినదో బిడ్డకు చెప్పితీరవలెనని నిబంధన విధించుచున్నది. నా దృష్టిలో ఈ నిబంధనలన్నిటియందు అత్యంత మానవీయమైనది ఇదియే. ఏలయన, పేరు తెలియకున్నను తన్నెందుకు విడిచిరో తెలిసినవానికి మనసు కొంత కుదుటపడును.

దస్త్రము చెప్పినదెల్ల సత్యమనుకొనరాదు. 1999లోను 2001లోను ఉమ్మడి ఆంధ్రప్రదేశమున, లంబాడా తండాల శిశువులను పేదఱికమును ఆసరా చేసికొని కొని, విదేశీ దత్తతలకు పంప జూచిరను ఆరోపణలు రాష్ట్రమునెల్ల కలచివేసినవి. చదువురాని తల్లి వ్రేలిముద్ర ఉన్నంతమాత్రమున ఆమె మనసారా ఇచ్చినదని చెప్పవీలులేదు. ఆ కాలమున దేశము దాటిన బిడ్డలు తమ కాగితములను ఒకదానితో నొకటి సరిచూచుకొనుట మేలు. డీఎన్ఏ పరీక్షలు కొందఱికి తోడ్పడినవి గాని, కన్నవారి వైపు ఎవరును పరీక్ష చేయించుకొననిచో పోల్చుటకు ఏమియు నుండదు. కనుకనే కాగితమునకు ఇంత విలువ. పుట్టుపూర్వోత్తరముల సమాచారమును భద్రపఱచుట ప్రభుత్వముల విధియని చెప్పు 1993 నాటి హేగ్ ఒడంబడికను మన దేశము 2003లో ధ్రువీకరించినది. మూతపడిన శరణాలయముల రిజిస్టర్లు చెదలపాలగుట ఆ మాట తప్పుటయే.

పెంచుకొన్న తల్లిదండ్రులకు నాదొక విన్నపము. నీవు మా కడుపున పుట్టలేదని బిడ్డకు ఇరుగుపొరుగు చెప్పకముందే మీరే చెప్పుడు. శరణాలయమువారిచ్చిన ప్రతి చీటిని, తొలినాటి ఫొటోను, ఉత్తరువు నకలును బిడ్డ పేర ఒక సంచిలో కట్టి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలోనే దాచి, అడిగిన నాడు ఆ బిడ్డ చేతికే ఇండు.