స్వరాన్ని నిలబెట్టిన బల్బు
ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణంలో బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటా లోపల ఒక లోహపు దిమ్మ, దానికి అంటించిన నాలుగు నిరోధకాలు ఉంటాయి. ఆ అమరిక వీట్‌స్టన్ బ్రిడ్జి, ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకు పాత పరిచయమే. 1891లో మాక్స్ వీన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ బ్రిడ్జిలో కెపాసిటర్లు చేర్చాడు. కాంటాకు దాయాది అయిన ఈ వీన్ బ్రిడ్జి నుంచే ఒంటి స్వరాన్ని పుట్టించి రేడియో స్టేషన్ల నాణ్యతను తేల్చే ఆడియో ఆసిలేటర్ వచ్చింది.

గంజ్‌కు దగ్గర్లోనే ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్. 1930ల తొలి ఏళ్లలో మహబూబ్ అలీ అనే వ్యక్తి 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో హైదరాబాద్ రేడియోను మొదలుపెట్టింది అక్కడే. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి చేతికి వచ్చింది. యజమాని ఎవరైనా స్టేషన్ ఇంజనీరు బెంగ ఒకటే: మైకు ముందు పాడింది చెడకుండా ట్రాన్స్‌మిటర్ దాకా చేరుతోందా? పాటతో పరీక్షించలేం. అందులో లెక్కలేనన్ని పౌనఃపున్యాలు కలగలిసి ఉంటాయి. 1000 హెర్ట్జ్ ఒంటి స్వరాన్ని, 600 ఓమ్‌ల లైను మీద ఒక మిల్లీవాట్ బలంతో, అంటే 0.775 వోల్టులతో పంపాలి. అవతలి కొసన 2000, 3000 హెర్ట్జ్ దగ్గర ఏమైనా మొలిస్తే అది దారిలో పుట్టిన వక్రీకరణ. అయితే పంపిన స్వరంలోనే కల్తీ ఉంటే? తూనికరాయే తప్పుదైతే కాంటాను తిట్టి లాభమేముంది!

వీన్ బ్రిడ్జిని ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే స్వరం పుడుతుంది. చిక్కంతా మూడు అనే అంకెలో ఉంది. బ్రిడ్జి సంకేతాన్ని మూడో వంతుకు తగ్గిస్తుంది కాబట్టి ఆంప్లిఫయర్ సరిగ్గా మూడింతలు పెంచాలి. రవ్వంత తగ్గితే స్వరం ఆరిపోతుంది. రవ్వంత ఎక్కువైతే అలల తలలు తెగేదాకా ఉబ్బుతుంది. వాల్వుల కాలంలో ఆ మూడును నిలబెట్టడం ఎవరి తరం?

స్టాన్‌ఫర్డ్ విద్యార్థి విలియం హ్యూలెట్ 1939 నాటి తన థీసిస్‌లో ఆ పనిని ఒక చిన్న బల్బుకు అప్పగించాడు. స్వరం పెరిగితే ఫిలమెంట్ వేడెక్కుతుంది, దాని నిరోధం పెరుగుతుంది, ఆంప్లిఫయర్ జోరు తగ్గుతుంది. స్వరం తగ్గితే ఫిలమెంట్ చల్లబడి జోరు మళ్లీ పెరుగుతుంది. నన్నడిగితే ఎలక్ట్రానిక్స్‌లో ఇంత చవకైన తెలివి మరొకటి లేదు. హ్యూలెట్, అతని భాగస్వామి ప్యాకర్డ్ పాలో ఆల్టో గ్యారేజీలో తయారుచేసిన 200ఏ ఆసిలేటర్ ధర 54 డాలర్ల 40 సెంట్లు, వక్రీకరణ ఒక శాతం లోపే. దాని తమ్ముడు 200బీలను ఎనిమిదింటిని డిస్నీ సంస్థ 'ఫాంటాసియా' చిత్రం శబ్ద వ్యవస్థ కోసం కొంది.

బల్బుకూ ఒక బలహీనత ఉంది. 20 హెర్ట్జ్ దగ్గర అల నింపాదిగా కదులుతుంది కాబట్టి, ఒక్కో అలలోనే ఫిలమెంట్ వేడెక్కి చల్లబడి స్వరాన్ని తానే వంచుతుంది. అందుకే తరువాతి యంత్రాల్లో బల్బు స్థానంలోకి ట్రాన్సిస్టర్లు వచ్చాయి.

డిజిటల్ వచ్చాక అంకెలతోనే స్వరం తయారుచేయవచ్చు కదా? చేయవచ్చు, కానీ 16 బిట్ల స్వరం శుద్ధత 98 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. అమెరికాలో ఒరెగాన్‌కు చెందిన ఆడియో ప్రెసిషన్ వారి ఏపీఎక్స్555 పరీక్షా యంత్రంలో వక్రీకరణ, రొద కలిపి మైనస్ 117 డెసిబెల్స్, అంటే పది లక్షల్లో ఒకటిన్నర వంతు కంటే తక్కువ. అంత శుద్ధమైన స్వరం కావాలంటే ఆ యంత్రం కూడా తన అనలాగ్ ఆసిలేటర్‌కే పని చెబుతుంది.