పూవులలో కింజల్కములు



ఫాల్గుణమాసమున మంచిర్యాల చుట్టునున్న అడవులలో మోదుగయు బూరుగయు ఆకులు రాల్చి ఎఱ్ఱగా పూచును. మోదుగపూవును విప్పి చూచినచో లోపల పది కింజల్కములు మాత్రమే కానవచ్చును. తొమ్మిదింటి కాడలు కలిసియుండును, పదియవది విడిగా నుండును. బూరుగపూవున నన్ననో అరువదికి పైబడిన కింజల్కములు గుత్తులుగా నిలిచియుండును. నేటి పాఠ్యపుస్తకములు కేసరము లనునవి యివియే. ఒక పూవునకు పది చాలగా, వేఱొకదాని కిన్ని యెట్లు వచ్చెను? ఈ విషయమునే నేడు ముచ్చటింప దలచితిని.

మొగ్గ ఆవగింజంతయు కాని దశలో సూక్ష్మదర్శినితో చూచినచో, కొనపై చిన్న గుబ్బలు వలయములుగా లేచుచుండును. వెలుపలి గుబ్బలు రక్షకపత్రములును ఆకర్షణపత్రములును అగును, వాని లోపలివి కింజల్కములు, నట్టనడుమ అండకోశము. మోదుగలో గుబ్బ కొక్క కింజల్కమే. గుబ్బ పైభాగము పుప్పొడితిత్తి యగును. క్రిందిభాగము సాగి కాడ యగును. తిత్తిలోని ఒక్కొక్క మాతృకణము రెండుమారులు విభజన చెంది నాలుగు పుప్పొడిరేణువుల నిచ్చును.

సంఖ్య పెరుగుటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. సీతాఫలపు పూవున కింజల్కములు పెక్కు. వెలుపలినుండి లోపలికి ఒక్కొక్కటి తన గుబ్బనుండియే పుట్టును. పత్తిపూవు మార్గము వేఱు. ఇది బూరుగకు చుట్టము. ఇందు మొదట లేచునవి అయిదు గుబ్బలే. అన్నదమ్ములు ఇల్లు పంచుకొన్నట్లు, ఒక్కొక్కటి చీలి, చీలినది మరల చీలి, తుదకు 50 మొదలు 100కు పైగా కింజల్కము లగును. వాని కాడలన్నియు క్రింద కలిసి గొట్టమై కీలమును చుట్టుకొనును. సాధారణముగా తిత్తికి నాలుగు అరలుండగా, పత్తిలో అందు సగమే యుండును. కడపటి చీలికకు ఇదియే గుర్తని శాస్త్రజ్ఞు లందురు.

గుబ్బ కింజల్కమే యేల కావలెను? పూవు భాగములన్నియు ఆకు రూపాంతరములే యని జర్మను కవి గేటే 1790లో వ్రాసెను. రెండు తరగతుల జన్యువులు కూడి పనిచేసిన చోట కింజల్కమగునని 1991లో కోయెన్, మేయరోవిట్జ్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. అందొక తరగతి పని తప్పినచో ఆ తావున రేకులే పుట్టును. మన పెరటి ముద్దమందారమున రేకుల సంపద అట్టిదే. చూపునకు నిండుదనము, విత్తునకు కొఱత.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. మంచిర్యాల ప్రాంతపు రైతునకు పత్తి ముఖ్యమైన పంట. 1970లో సూరతులో సి. టి. పటేలుగారు హెచ్-4 అను సంకరజాతి పత్తిని వెలువరించిరి. అట్టి విత్తనము కొఱకు, మఱునాడు విచ్చుకొనబోవు మొగ్గను సాయంకాలమే ఎంచి, కింజల్కముల గొట్టమును గోటితో ఒలిచివేయుదురు. ఉదయమున వేఱొకజాతి పుప్పొడిని కీలాగ్రమునకు అద్దుదురు. గద్వాల ప్రాంతమున ఎందఱో కూలీలకు ఇది జీవనము. వారి చేతులలో ఒక్క కింజల్కము మిగిలినను, దాని పుప్పొడి సొంతపూవునందే పడి విత్తు సంకరము కాకపోవచ్చును. అట్టి విత్తనము కొన్న రైతునకు ఆ యేటి కష్టమే దండుగ. కంటి కానని అయిదు గుబ్బల చీలిక ఒక కుటుంబపు అన్నముతో ముడివడియున్నది.

కావున పత్తి పూచిన వేళ మీ పిల్లలచే ఒక పూవును విప్పించి, ఆ గొట్టమును చూపుడు, తిత్తులను లెక్కింపనిండు. వృక్షశాస్త్రమునకు అంతకంటె మంచి తొలిపాఠము లేదు.